పాత పేరుతో ఇంకా ముప్పై ఏడు రోజులు

మా ఆఫీసులో కుర్రకారు నన్ను ‘లాగ్ పిన్ని’ అంటారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. నాకు వినపడదనుకుంటారు పాపం. ఇరవై ఏడేళ్ళుగా పంపుల మోత వింటున్న చెవులివి. ఏ పంపులో బేరింగ్ అరిగిందో గోడ అవతల నుంచి చెప్తాను, వీళ్ళ గుసగుసలు నాకొక లెక్కా?

ఊరికి నీళ్ళిచ్చే ఆఫీసు మాది. బస్సులో నాలుగు గంటలు పైకెళ్తే కొండల్లో జలాశయం, దాని పక్కన పైస్టేషను. అక్కణ్ణుంచి నీళ్ళు పైపుల్లో దిగొస్తాయి. ఇక్కడ మా కంట్రోల్ రూము వాటిని ఊరంతా పంచుతుంది. ఏ పంపు ఎప్పుడు తిరిగింది, ఏ వాల్వు ఎంత తెరుచుకుంది, ఎవరు తిప్పారు, అన్నీ కంప్యూటరు నిమిషం నిమిషం రాసిపెడుతుంది. దాన్నే లాగ్ అంటాం. రోజుకో ఫైలు. ఆ రాసే ప్రోగ్రాం నేను రాసిందే.

ఫైలు పేరు ఒట్టి నంబరు. మొదటి రోజుది 0001, రెండో రోజుది 0002, అలా. ఆ మొదటి రోజు నాకు ఇరవై ఏడేళ్ళు. మా అన్నయ్యా నేనూ ఒకే నెలలో ఉద్యోగంలో చేరాం. వాడు ఆపరేటరు, నేను ప్రోగ్రామరు. వాడు మొదటి పంపు స్విచ్చి నొక్కాడు, నేను మొదటి ఫైలుకి పేరు పెట్టాను. నా భుజం మీంచి తొంగిచూసి, "నాలుగంకెలు సరిపోతాయా పొట్టీ?" అన్నాడు.

"దాదాపు పదివేల రోజులు అన్నయ్యా! అప్పటికి నువ్వెక్కడో నేనెక్కడో. ఎవరు చూడొచ్చారు?" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఇరవై ఏడేళ్ళ వయసులో పదివేల రోజులు అయిపోతాయని ఎవరికి తోస్తుంది చెప్పండి.

అయిపోవచ్చాయి. 9928వ రోజు పొద్దున మేనేజరు పిలిచాడు. ముప్పై రెండేళ్ళ కుర్రాడు, మంచివాడే, కాస్త కంగారెక్కువ.

"మేడం, ఇంకో డెబ్భై ఒక్క రోజుల్లో మీ నంబర్లు అయిపోతాయి. తర్వాత ఐదో అంకె వస్తే పాత ప్రోగ్రాములన్నీ తికమక పడతాయి. ఎవరు పెట్టారండీ ఈ నాలుగంకెలు?"

"నేనే సార్."

పాపం నాలిక కరుచుకున్నాడు. కొత్త పేర్లలో సంవత్సరం, నెల, తేదీ, స్టేషను ఉండాలన్నాడు. అయితే పాత పేరు మీద ఆధారపడ్డ పనులేవీ ఆగకూడదు. అదే అసలు చిక్కు. పేరు మార్చడం అర నిమిషం పని. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో కనిపెట్టడానికే నెలలు పడుతుంది.

నేనొక ఏర్పాటు చేశాను. ప్రతి ఫైలుకీ కొత్త పేరు పెట్టి, పాత నంబరుని రెండో పేరుగా ఉంచాను. ఇంటికి కొత్త నంబరు వచ్చినా కొన్నాళ్ళు పాతది గోడ మీద చెరపకుండా ఉంచుతాం చూడండి, పోస్ట్‌మాన్ వెనక్కి తిరిగిపోకుండా, అలాగన్నమాట. పాత పేరుతో ఎవరొచ్చినా, ఏ కంప్యూటరు నుంచి ఎన్ని గంటలకు వచ్చారో ఒక పక్కన రాసిపెట్టేలా చేశాను. ఒక నెల చూసి, అలా వచ్చినవాళ్ళందరినీ కొత్త పేరుకి మార్చి, ఒకటో తారీకున పాత పేర్లు తీసేయాలని మేనేజరు నిర్ణయం.

వారం తిరిగేసరికి నలుగురు దొరికారు. ముగ్గురు మనుషులు కారు, ప్రోగ్రాములు. నెలవారీ రిపోర్టు తీసేది ఒకటి, బ్యాకప్ చేసేది ఒకటి, ప్రెషరు గ్రాఫు గీసేది ఒకటి. మూడింటినీ ఒక్క మధ్యాహ్నంలో సరిచేశాను. నాలుగోది పైస్టేషన్లో మూల పడున్న పాత కంప్యూటరు. దాదాపు రోజూ పొద్దున ఆరూ పదికి నిన్నటి ఫైలు అడుగుతోంది. మొత్తం ఫైలు కాదు, చివరి పేజీ ఒక్కటే.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎందుకో చెప్పాలంటే మా ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. సాయంత్రం ఆరింటికి డ్యూటీలో ఉన్నవాళ్ళు ఫైలు మూసేటప్పుడు చివరి వరుసలో తమ పేరూ, ఆ రోజు గురించి ఒక మాటా రాయాలి. ఖాళీగా వదిలేస్తే ఫైలు మూసుకోదు. మొదట్లో అందరూ ‘అంతా సవ్యం’ అని రాసేవాళ్ళు. తర్వాత బద్ధకించి ఒక చుక్క పెట్టి ఇంటికి పోవడం మొదలెట్టారు. అది చదివే నాథుడు లేడని అందరికీ తెలుసు.

నాకూ తెలుసు. అందుకే నేను రాసేదాన్ని.

ఒంటిగా ఉండే మనిషిని. పెళ్ళి కుదరలేదు, కుదిరినప్పుడు నాకు కుదరలేదు. ఇంట్లో రెండు కుర్చీలుంటే ఒకదాని మీద మడత పెట్టాల్సిన బట్టలుంటాయి. శుక్రవారం సాయంత్రం తాళం తీసి లోపలికెళ్తే సోమవారం పొద్దున బస్సులో టిక్కెట్టు అడిగేదాకా నా గొంతు నాకే వినపడదు. అలాంటిదాన్ని రోజుకో వరుస దొరికితే వదులుతానా? ‘ఇవాళ కూర మాడింది. అయినా తిన్నాను.’ ‘మోకాలు ఈ సాఫ్ట్‌వేరు కన్నా పాతది, మార్చేవాళ్ళు లేరు.’ ‘పై ఫ్లాటులో పసిపిల్ల పుట్టింది. రాత్రంతా ఏడుపు. బాగుంది.’ ‘ఇవాళ నా పుట్టినరోజు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియనట్టుంది.’ ఇలా ఏళ్ళ తరబడి రాశాను. బావిలోకి వంగి మాట్లాడినట్టు.

ఇప్పుడు చూస్తే బావిలో ఎవరో కూర్చుని వింటున్నారు!

ఒళ్ళు మండిపోయింది. సిగ్గుతో చెవులు కాలాయి. ఎవడ్రా వీడు, పరాయిదాని గోడు రోజూ పొద్దున కాఫీలా తాగేవాడు? పైస్టేషన్ డ్యూటీల పట్టిక తెరిచాను. అక్కడ పొద్దున డ్యూటీ వాళ్ళు ముగ్గురు, ఒక్కొక్కరికి వారంలో ఒక్కో రోజు సెలవు. ఆరూ పది చదువు మాత్రం ఒకే మనిషి డ్యూటీ రోజుల్లో జరుగుతోంది. ఆ మనిషికి సెలవైతే ఎవరూ చదవరు. మర్నాడు వచ్చి రెండు రోజులవీ కలిపి చదువుతాడు. ఒక్క రోజు కూడా వదల్లేదు.

ఆ మనిషి మా అన్నయ్య.

మేం మాట్లాడుకుని పదకొండేళ్ళయింది.

వాడికి పైస్టేషన్‌కి బదిలీ అయ్యాక అమ్మ వాడి దగ్గరే, అక్కడి క్వార్టర్సులో ఉండేది. ఒక రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేసి, "అమ్మకి బాలేదు, వెంటనే బయల్దేరు" అన్నాడు. అదే గంటలో ఇక్కడ పెద్ద వాల్వు మొరాయించింది. దానంతటది మూసుకోదు, తెరుచుకోదు. కంప్యూటరు నుంచి నిమిషానికోసారి చేత్తో సర్దకపోతే పైపు పగిలి ఆసుపత్రి వైపు లైను మొత్తం ఎండిపోతుంది. ఆ పని తెలిసింది నాకొక్కదానికే. ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా అంటూ కూర్చున్నాను. మూడూ నలభైకి మళ్ళీ ఫోనొచ్చింది. అమ్మ పోయింది.

ఆరింటికి వాల్వు దారికొచ్చింది. ఫైలు మూసి బస్సెక్కాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. పదిమంది ముందు అన్నయ్య నా మొహం మీదే అన్నాడు, "నీకు పంపులే అమ్మా నాన్నా. పో, వాటి దగ్గరికే పో."

"పోతాను. నాకిక అన్నయ్య లేడనుకుంటాను" అన్నాను.

ఇద్దరిదీ ఒకే కడుపు, ఒకే మొండితనం. వాడు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఒక ఏడాదయ్యాక చెయ్యడానికి మొహం చెల్లలేదు. అటు తర్వాత అలవాటైపోయింది.

పట్టిక చూస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట జ్వరంతో మూడు రోజులు ఆఫీసుకి రాలేదు నేను. మూడో రోజు గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన ఇంటికొచ్చి తలుపు కొట్టాడు. "పైనుంచి ఫోనొచ్చిందమ్మా, మీరెలా ఉన్నారో చూసి రమ్మన్నారు" అన్నాడు. పైనుంచంటే పెద్ద ఆఫీసరు గారనుకుని మురిసిపోయాను. ఆ పై ఏ పైనో ఇప్పుడు తెలిసింది.

తెలిసి సంతోషించానా? లేదు. కోపమొచ్చింది. ఇన్నేళ్ళూ నా మోకాలి నొప్పి చదివాడు, నా పుట్టినరోజు చదివాడు, ఒక్క ముక్క అనలేదే! అమ్మని చూడని పాపిష్టిదాని తప్పులు దూరం నుంచి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడా? ఆ సాయంత్రం ఫైలు మూసేటప్పుడు ఏం రాయాలో తోచలేదు. చుక్క పెట్టాను. నా సర్వీసులో అదే మొదటి చుక్క. మర్నాడూ చుక్కే. వాడు మాత్రం రోజూ ఆరూ పదికి వచ్చి ఆ చుక్క చూసుకుని పోతున్నాడు.

నెలాఖరుకి మేనేజరు అడిగాడు. "మేడం, ఆ నాలుగోది ఏమైంది?"

"ఎవరో ఊరికే చూస్తున్నారు సార్. పని మీద కాదు. తీసేసినా నష్టం లేదు."

ఎంత తేలిగ్గా అనేశానో. ఒక్క ఫోన్ చేసి ‘పేరు మారుతోంది’ అంటే సరిపోయేది. పైస్టేషన్ నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ ముందు నేనే చెయ్యాలా? వాడు పెద్దవాడు కదా, వాడికే అక్కర్లేదా? తీసేస్తాను. కావాలంటే వాడే అడుగుతాడు. అక్కర్లేకపోతే ఆ సంగతీ తేలిపోతుంది.

ఒకటో తారీకు, 9962వ రోజు. పొద్దున ఐదున్నరకే ఆఫీసుకొచ్చి పాత పేర్లన్నీ తీసేశాను. ఆరింటి నుంచి తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆరూ పదికి వచ్చాడు. 9961, లేదు. వెంటనే మళ్ళీ. 9961, లేదు. ఆరూ పన్నెండు, లేదు. ఆరూ పదిహేను, లేదు. "ఊఁ, ఇప్పుడు తెలిసిందా?" అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు.

కాసేపు ఆగి అంతకు ముందు రోజుది అడిగాడు. 9960, లేదు. 9959, లేదు. ఒక్కో నంబరే వెనక్కి వెళ్తున్నాడు. ఒంటి వేలితో టైపు చేస్తాడు వాడు, అంకె అంకెకీ కీబోర్డులో వెతుక్కుంటాడు. ఇరవై, ముప్పై నంబర్లు అలాగే అడిగాడు. చివరికి ఆరూ యాభై రెండుకి ఉన్నట్టుండి ఒక పాత నంబరు పడింది. 5944. లేదు.

5944 నాకు తెలుసు. అమ్మ పోయిన రోజు ఫైలది. దాని చివరి వరుసలో నేను రాసింది రెండే మాటలు, ‘అమ్మ పోయింది’. ఆ నంబరు వాడికి కంఠతా ఉందా? దాన్ని కూడా చదివాడా?

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఏడుస్తూనే పాత పేర్లన్నీ తిరిగి పెట్టాను. తొమ్మిది వేల పైచిలుకు పేర్లు పెట్టడానికి కంప్యూటరుకి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ తెరని తిట్టాను. ఏడింటికల్లా అన్నీ యథాస్థానంలో ఉన్నాయి. రా అన్నయ్యా, ఇప్పుడడుగు, అనుకుంటూ కూర్చున్నాను.

రాలేదు. ఏడున్నర, ఎనిమిది, ఎనిమిదిన్నర. ఒక్క వరుసా పడలేదు. విసిగిపోయాడు. వాడికీ ఓపిక అయిపోయిందన్నమాట. నా చేతులతో నేనే మూసేసుకున్నాను. ఆ పొద్దున ఆ గదిలో నేనెంత ఒంటరిగా ఉన్నానో చెప్పలేను. అంతకు ముందు పదకొండేళ్ళు కూడా ఒంటరిదాన్నే, కానీ చదివేవాడొకడు ఉన్నాడని తెలిసి పోగొట్టుకోవడం వేరు.

చివరికి సిగ్గు చంపుకుని ఫోనెత్తాను. ఎవరో కుర్ర గొంతు పలికింది.

"పైస్టేషన్, రెండో ఆపరేటర్నండీ."

"కింద కంట్రోల్ రూము నుంచి. పొద్దున డ్యూటీ ఆయన్ని పిలుస్తారా?"

"ఆయన లేరండీ. ఏడింటి బస్సుకి దిగిపోయారు. సెలవులో ఉన్న నన్ను మంచం మీంచి లేపి డ్యూటీ అప్పజెప్పి పరిగెత్తారు. ఇన్నేళ్ళలో డ్యూటీ మధ్యలో వదిలి వెళ్ళడం ఇదే మొదలట, నాకే భయమేసింది."

"ఎందుకెళ్ళారు?"

"ఏమోనండీ. ‘మా చెల్లెలి ఫైలు రాలేదు’ అన్నారు. నాకేమీ అర్థం కాలేదు."

ఫోను పెట్టేశాను. పెట్టేశాక కూడా రిసీవరు మీంచి చెయ్యి తియ్యలేదు.

పదకొండూ ఇరవైకి గేటు నుంచి సెక్యూరిటీ ఆయన ఫోన్ చేశాడు. "మేడం, మీ అన్నయ్యట. పంపమంటారా?" నేనే దిగాను. మోకాలు సంగతి మర్చిపోయి రెండేసి మెట్లు దిగాను.

గేటు పక్కన నిలబడి ఉన్నాడు. కాళ్ళకి రబ్బరు బూట్లు, ఒంటి మీద డ్యూటీ కోటు. ఒక జేబులోంచి స్పానరు పిడి బయటికి కనిపిస్తోంది. జుట్టంతా తెల్లబడింది. నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు, మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా చూశాడు.

"బతికే ఉన్నావా?" అన్నాడు. కోపంగానే.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

"ఇరవై రోజులుగా చుక్క. రోజూ చుక్క. నువ్వు చుక్క పెట్టే మనిషివా? ఇవాళ చూస్తే అదీ లేదు. పాతవీ లేవు. మనిషన్నవాడు ఏమనుకోవాలే?"

"ఫోన్ చెయ్యొచ్చుగా!"

"గేటుకి చేశాను, ఎవరూ ఎత్తలేదు. నీకు చేస్తే ఎత్తేదానివా?"

ఎత్తేదాన్ని కాదు. అది ఇద్దరికీ తెలుసు. వాణ్ణి పైకి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. మంచినీళ్ళ గ్లాసు ఒక్క గుక్కలో తాగేశాడు.

"5944 ఎందుకు అడిగావు?" అన్నాను.

వాడు నా వైపు చూడలేదు, తెర వైపు చూశాడు. "అమ్మ పోయిన వారానికి తెరిచాను దాన్ని. నువ్వు ఊరికే కూర్చున్నావని రుజువు చేసి నీ మొహాన కొడదామని. తీరా చూస్తే నిమిషానికోసారి వాల్వు తిప్పిన గుర్తులే. నేను మూడూ నలభైకి ఫోన్ చేశాను కదా. మూడూ నలభై ఒకటికి కూడా తిప్పావు." గ్లాసు కింద పెట్టాడు. "ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని మాట్లాడమంటావు? అందుకే చదువుతూ కూర్చున్నాను. రోజూ ఉన్నావో లేదో చూసుకునేవాణ్ణి."

"కూర మాడిందని రాస్తే కూడా చదివావా?"

"మంట తగ్గించి వండవే అని ఎన్నిసార్లు అరిచానో ఆ తెర మీద."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి పొలమారింది. లేచి వీపు మీద తట్టాడు. స్పానరు నా భుజానికి గుచ్చుకుంది, పక్కకి జరగలేదు నేను.

కాస్త తేరుకున్నాక కొత్త పేర్లు చూపించాను. సంవత్సరం, నెల, తేదీ, స్టేషను. కళ్ళజోడు పైకి కిందికి జరిపి చూశాడు. "ఇంత పొడుగా? ఇవి కొట్టేసరికి నా డ్యూటీ అయిపోతుంది. ఆ పాత కంప్యూటరు నాలుగంకెల కన్నా తీసుకోదు కూడా."

"పాత పేర్లు మళ్ళీ పెట్టేశాను. మేనేజరుతో నేను చెప్పుకుంటాను. ఎప్పటిలాగే వస్తాయి."

"ఎన్నాళ్ళు?"

"9999 దాకా. ఇంకా ముప్పై ఏడు రోజులు."

వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. "నాలుగంకెలు సరిపోతాయా అని అడిగానా లేదా ఆ రోజు?"

"అడిగావు."

"మరి ఆ తర్వాత ఎలా?"

"ఆ తర్వాత ఫోన్ చెయ్యాలి అన్నయ్యా."

కోటు పై జేబు తడిమి, మడతలు పడిన చిన్న పుస్తకం, పెన్నూ తీశాడు. ఒక పేజీ తెరిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నీ నంబరు చెప్పు. మారిందా?"

"లేదు. పాతదే."